హుర్ఘాదాలో రుతువులను నడిపేది ఉత్తరపు గాలి

ఆగ్రా, హుర్ఘాదా దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. రెండూ భూమధ్యరేఖకు ఉత్తరాన 27 డిగ్రీలు దాటి కాస్త పైన. ఏడాదిలో ఏ రోజు తీసుకున్నా రెండు ఊళ్లలోనూ మధ్యాహ్నపు సూర్యుడు ఒకే ఎత్తులో ఉంటాడు, పగటి నిడివీ ఒకటే. అయినా ఆగ్రాలో ఏటా ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడుతుంది. జనవరిలో పొగమంచు కమ్ముకుని రైళ్లు ఆలస్యమవుతాయి. మే నెలాఖరుకు ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. ఈజిప్టులో, ఎర్రసముద్రం పడమటి ఒడ్డున ఉన్న హుర్ఘాదాలో ఏడాది వాన సగటు సుమారు 5 మిల్లీమీటర్లు. వేసవి మధ్యాహ్నాలు సాధారణంగా 35, 36 డిగ్రీల దగ్గర నిలిచిపోతాయి. జనవరి రాత్రులు కూడా 10, 11 డిగ్రీల కన్నా బాగా కిందికి దిగడం అరుదు. కరువు జిల్లాగా పేరుపడ్డ అనంతపురంలో ఒక్క ఏడాదిలో పడే వాన హుర్ఘాదాలో పడాలంటే వందేళ్లు కావాలి.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో హుర్ఘాదా చేపలు పట్టేవాళ్ల చిన్న ఊరు. తరువాత దగ్గర్లో చమురు దొరికింది. 1980ల నుంచి హోటళ్లు వరస కట్టాయి. ఇప్పుడిది ఎర్రసముద్ర రాష్ట్రానికి రాజధాని. తీరం వెంట పదుల కిలోమీటర్ల మేర రిసార్టులు పరుచుకున్నాయి. జర్మనీ, పోలండ్, రష్యా, బ్రిటన్‌ల నుంచి శీతకాలమంతా విమానాలు దిగుతూనే ఉంటాయి. పంట లేదు, నది లేదు. ఊరు బతికేది వాతావరణాన్ని అమ్ముకునే. ఆ అమ్మకంలో చూపించే పట్టికలో రెండే వరుసలుంటాయి: నెలవారీ పగటి వేడి, నెలవారీ సముద్రపు వేడి. ఆ అంకెలు తప్పు కావు. కానీ అక్కడ మనిషి ఒంటికి తగిలేది, సముద్రంలో పగడం మీద పనిచేసేది, కొండల నుంచి ఊరి మీదికి వచ్చిపడేది ఆ రెండు వరుసల్లో కనిపించవు. వాటిని నిర్ణయించేవి గాలి, తేమ, వాన లేమి. ఈ మూడింట్లోనూ గాలిదే పెద్ద వాటా.

సముద్రం పక్కనే ఉన్నా వాన ఎందుకు రాదు

నీళ్ల పక్కన ఉన్నంత మాత్రాన వాన రాదు. ఎర్రసముద్రం మీద ఏటా దాదాపు రెండు మీటర్ల మందం నీరు ఆవిరైపోతుంది. ప్రపంచంలో ఇంత వేగంగా ఆవిరయ్యే సముద్రాలు కొన్నే. ఇంత ఆవిరి గాలిలోకి వెళ్తున్నా మేఘం కట్టకపోవడానికి కారణం, ఆ గాలి పైకి లేవలేకపోవడం. భూమధ్యరేఖ దగ్గర పైకి లేచి వానలు కురిపించి పొడిబారిన గాలి, ఉత్తర దక్షిణాలుగా ప్రయాణించి 20, 30 డిగ్రీల అక్షాంశాల మధ్య కిందికి దిగుతుంది. దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది. సముద్రం మీది తేమ గాలికి అది మూతలా పనిచేస్తుంది. సహారా నుంచి అరేబియా దాకా ఎడారులన్నింటికీ ఇదే మూలకారణం.

అయితే ఆగ్రా కూడా ఆ అక్షాంశాల్లోనే ఉంది కదా అన్న ప్రశ్న మిగులుతుంది. అక్కడ నైరుతి రుతుపవనాలు ఆ మూతను పగలగొడతాయి. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, మన రుతుపవనాలు ఆగ్రాకు వాన ఇవ్వడంతో ఆగవు. హుర్ఘాదాకు వాన లేకుండా చేయడంలో కూడా వాటి చెయ్యి ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా భారత ఉపఖండం, బంగాళాఖాతం మీద కురిసే వాన, ఆవిరి నీరుగా మారేటప్పుడు, వాతావరణంలోకి అపారమైన వేడిని వదులుతుంది. ఆ వేడికి పుట్టిన అలజడి పడమటి దిశగా ఒక పెద్ద అలగా విస్తరించి, తూర్పు సహారా మీద, తూర్పు మధ్యధరా మీద గాలిని మరింత కిందికి నొక్కుతుంది. బ్రిటన్ వాతావరణ శాస్త్రవేత్తలు మార్క్ రాడ్‌వెల్, బ్రయాన్ హాస్కిన్స్ 1996లో ఈ లంకెను వివరించారు. ఒకే అక్షాంశం మీది ఎడారులు అన్నీ ఒకేలా ఎందుకు లేవో, వాటిలో ఈజిప్టు ఎడారి ఇంత కఠినంగా పొడిగా ఎందుకుందో అర్థం కావాలంటే ఈ లంకె తప్పనిసరి. తెలుగు నేల మీద జులైలో మబ్బు పట్టి వాన కురుస్తున్న వారాల్లోనే హుర్ఘాదా మీద ఆకాశం ఏడాదిలో అన్నింటికన్నా నిర్మలంగా ఉంటుంది. ఈ రెండింటికీ సంబంధం ఉంది.

ఏడాదికి 3,500 గంటలకు పైగా ఎండ కాయడం, నెలల తరబడి ఒక్క మేఘం కూడా నిలవకపోవడం వెనక ఉన్నది ఇదే. మబ్బు లేని ఆకాశానికి రెండో పార్శ్వం కూడా ఉంది. రాత్రి నేల తన వేడిని అడ్డులేకుండా ఆకాశంలోకి వదిలేస్తుంది. లోతట్టు ఎడారిలో అందుకే పగలు మంట, రాత్రి వణుకు. కొండలకు అవతల, నైలు ఒడ్డున ఉన్న లక్సర్‌లో జులై పగటి సగటు 41 డిగ్రీల దాకా వెళ్తుంది. జనవరి తెల్లవారుజాములు 5, 6 డిగ్రీలకు పడిపోతాయి. లక్సర్ కాస్త దక్షిణంగా ఉన్న మాట నిజమే. అయినా రెండు ఊళ్ల మధ్య వేసవిలో ఐదారు డిగ్రీల తేడా రావడానికి అక్షాంశం చాలదు. హుర్ఘాదాకు సముద్రం ఉంది, ఆ సముద్రం మీద నుంచి వచ్చే గాలి ఉంది.

గాలి గాడి

ఎర్రసముద్రం ఒక పగులు. ఆఫ్రికా, అరేబియాలను మోసే భూఫలకాలు విడిపోతూ ఏర్పడిన ఈ లోయ సుమారు రెండు వేల కిలోమీటర్ల పొడవున వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగుతుంది. రెండు పక్కలా కొండలు గోడల్లా నిలబడ్డాయి. హుర్ఘాదాకు నైరుతి దిక్కున ఉన్న షాయిబ్ అల్ బనాత్ శిఖరం ఎత్తు 2,187 మీటర్లు. సినాయ్‌ని పక్కన పెడితే ఈజిప్టులో ఇంత ఎత్తైన కొండ మరొకటి లేదు. రెండు గోడల మధ్య గాలికి ఉన్న దారి ఒక్కటే, పొడవు వెంట పోవడం. మధ్యధరా మీద ఒత్తిడి ఎక్కువ, దక్షిణాన తక్కువ కాబట్టి ఉత్తర ఎర్రసముద్రంలో గాలి దాదాపు ఏడాది పొడవునా ఉత్తర వాయవ్యం నుంచే వీస్తుంది. సముద్రపు దక్షిణ సగంలో మాత్రం శీతకాలంలో దిశ మారి ఆగ్నేయపు గాలి వస్తుంది. వేసవిలో మన దేశం దాకా విస్తరించిన రుతుపవన అల్పపీడనం లాగడంతో ఎర్రసముద్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉత్తరపు గాలే ఏలుతుంది.

ఈ గాలి చరిత్రను కూడా మలిచింది. రోమన్ల కాలంలో భారతదేశానికి బయల్దేరే ఓడలు జులై ప్రాంతంలో ఈజిప్టు రేవులను వదిలేవి. ఉత్తరపు గాలి వాటిని ఎర్రసముద్రం దాటించేది, అక్కడి నుంచి నైరుతి గాలులు మన తీరానికి చేర్చేవి. శీతకాలపు ఈశాన్య గాలులతో తిరుగు ప్రయాణం. కానీ ఎర్రసముద్రంలోకి వచ్చాక ఉత్తర సగంలో గాలికి ఎదురీదవలసి వచ్చేది. అందుకే పెద్ద రేవులు సూయజ్ దాకా వెళ్లకుండా దక్షిణంగా వెలిశాయి: హుర్ఘాదాకు దక్షిణాన కుసైర్ దగ్గర మియోస్ హోర్మోస్, ఇంకా దిగువన బెరెనికే. ఓడను గాలికి ఎదురు నడిపే కన్నా సరుకును ఒంటెల మీద నైలు దాకా మోయడమే లాభమని వర్తకులు లెక్క వేసుకున్నారు. ఆంధ్ర, తెలంగాణల్లో నేటికీ తవ్వకాల్లో బయటపడే రోమన్ నాణేలు ఆ వర్తకం మన దాకా చేరిన గుర్తులే. ఇప్పుడు అదే గాలి మీద సూయజ్ సింధుశాఖ పడమటి తీరంలో, జఫరానా దగ్గర, గబల్ అల్ జైత్ దగ్గర వందల గాలిమరలు తిరుగుతున్నాయి. గబల్ అల్ జైత్ హుర్ఘాదాకు ఉత్తరాన అదే తీరంలో ఉంది; అక్కడ సగటు గాలి వేగం సెకనుకు 10 మీటర్ల స్థాయిలో ఉంటుంది. నేల మీద ఇంత నిలకడైన గాలి దొరికే చోట్లు ప్రపంచంలో తక్కువ.

హుర్ఘాదా దగ్గరికి వచ్చేసరికి గాలి కొంత మెత్తబడుతుంది, ఆగదు. వేసవిలో, ముఖ్యంగా జూన్‌లో, మళ్లీ సెప్టెంబరులో ఉద్ధృతంగా ఉంటుంది. కైట్‌సర్ఫింగ్ చేసేవారు ఎల్ గూనా, సఫాగా తీరాలను వెతుక్కుంటూ రావడానికి ఇదే కారణం. పడవల్లో వెళ్లి లోతున పగడపు దిబ్బలు చూడాలనుకునేవారికి అదే గాలి శత్రువు. అలలు పెరిగిన రోజున రేవు అధికారులు పడవలను కదలనివ్వరు. ఇసుక ఒడ్డున కూర్చునేవారి కోసం హోటళ్లు గాలికి అడ్డంగా వెదురు తడికలో, గుడ్డ తెరలో నిలబెడతాయి. ప్రకటన ఫోటోల్లో ఈ తెరలు కనిపించవు. నిజానికి ఆ ఊరి వాతావరణాన్ని అన్నింటికన్నా బాగా చెప్పే వస్తువులు అవే.

గాలి వల్ల జరిగే ముఖ్యమైన పని ఒంటి మీద చెమటను ఆరబెట్టడం. కోస్తాంధ్ర వేసవి తెలిసినవారికి దీని విలువ ఇట్టే అర్థమవుతుంది. మచిలీపట్నంలో 36 డిగ్రీలు, గాలిలో తేమ 65 శాతం అనుకుంటే తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే నీరు ఆవిరవడం వల్ల గాలి ఎంతవరకు చల్లబడగలదో చెప్పే అంకె, దాదాపు 30 డిగ్రీలకు చేరుతుంది. అది ఉక్కపోత, చెమట ఆరదు, నీడలో కూర్చున్నా ఊపిరాడదు. హుర్ఘాదాలో అదే 36 డిగ్రీలు, తేమ 40 శాతం అయితే తడి బల్బు అంకె 25 దగ్గరే ఉంటుంది. దానికి తోడు గాలి ఆగదు. పట్టికలో ఒకే అంకెగా కనిపించే ఈ రెండు వేడిమిలకు ఒంటి మీద పోలికే లేదు.

సుఖం ఇంతవరకే. ఇదే ఏర్పాటు మోసం కూడా చేస్తుంది. చెమట పట్టిందని తెలియకముందే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు ఎంత పోయిందో మనిషి గమనించడు. చర్మం చల్లగా అనిపిస్తుంది కాబట్టి ఎండలో ఎక్కువసేపు ఉండిపోతాడు. జూన్, జులై మధ్యాహ్నాల్లో అతినీలలోహిత సూచిక, అంటే చర్మాన్ని కాల్చే కిరణాల తీవ్రత కొలత, ప్రమాదకరమైన 11 స్థాయికి చేరుతుంది; సున్నమంటి తెల్లటి ఇసుక, నీరు దాన్ని తిప్పి ముఖాన కొడతాయి. గాలి వేడిని తగ్గించగలదు కానీ ఆ కిరణాలను ఏమీ చేయలేదు. ఉత్తర ఐరోపా నుంచి వచ్చినవారికి మొదటి రెండు రోజుల్లోనే చర్మం కమిలిపోవడం అక్కడ రోజూ కనిపించే సంగతి.

నెలలు, నీళ్లు

సముద్రం ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే హుర్ఘాదా ఏడాది మొత్తం విప్పుకుంటుంది.

జనవరిలో పగలు 21, 22 డిగ్రీలు. సముద్రం కూడా 22 దగ్గరే ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో ఇంకాస్త తగ్గి 21కి వస్తుంది, అంతకన్నా పెద్దగా దిగదు. తెల్లవారుజామున నేల మీది గాలి కన్నా నీళ్లే వెచ్చన. నీళ్లలో ఉన్నంతసేపు హాయిగా ఉంటుంది, బయటికి వచ్చిన మరుక్షణం తడి ఒంటికి గాలి తగిలి వణుకు పుడుతుంది. ‘ఏడాదంతా వేసవి’ అన్న ప్రచారాన్ని నమ్మి పల్చటి బట్టలతో వచ్చినవారు ఇబ్బంది పడేది ఇక్కడే. డిసెంబరులో సూర్యుడు సాయంత్రం 5 గంటలకే కొండల వెనక్కి జారుకుంటాడు. ఆ తరువాత స్వెటర్ లేకుండా బయట కూర్చోలేరు. ఐరోపా మంచులోంచి వచ్చినవారికి ఇది స్వర్గంలాగే ఉండవచ్చు. భారతదేశం నుంచి, అందులోనూ దక్షిణాది నుంచి వెళ్లేవారికి మాత్రం ఇది శీతకాలమే, అనుమానం అక్కరలేదు.

శీతకాలపు సముద్రం 21 డిగ్రీల దగ్గర ఎందుకు ఆగుతుందన్నది ఈ తీరానికి సంబంధించిన లోతైన ప్రశ్నల్లో ఒకటి. ఎర్రసముద్రంలోకి ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ కలవదు. ఆవిరైన నీటికి బదులు హిందూ మహాసముద్రం నుంచి బాబ్ అల్ మందెబ్ జలసంధి గుండా నీరు వస్తుంది. అది ఉత్తరానికి వచ్చేకొద్దీ ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది. హుర్ఘాదా దగ్గర లీటరుకు సుమారు 40 గ్రాములు, మహాసముద్రాల సగటు 35. శీతకాలంలో ఉత్తరపు గాలి ఈ ఉప్పు నీటిని చల్లబరిచినప్పుడు అది బరువెక్కి కిందికి మునుగుతుంది. అడుగు దాకా నిండి ఉన్నది ఆ నీరే. అందుకే ఎర్రసముద్రంలో రెండు వేల మీటర్ల లోతున కూడా నీరు 21, 22 డిగ్రీలు ఉంటుంది. మామూలు మహాసముద్రంలో ఆ లోతున 2, 3 డిగ్రీలే. కింద నుంచి పైకి రాగల చల్లటి నీరంటూ ఎక్కడా లేదు. హుర్ఘాదా తీరంలో ఫిబ్రవరి నాటి ఉపరితలపు వేడి, ఎర్రసముద్రపు అడుగు వేడి దాదాపు ఒకటే కావడం వెనక ఇంత కథ ఉంది.

నది లేకపోవడం వల్ల ఒండ్రు లేదు, పోషకాలు తక్కువ. నీరు అద్దంలా తేటగా ఉండటం కూడా ఆ ఎడారి వాతావరణం ఇచ్చిన వరమే. పగడపు దిబ్బలు తీరాన్ని ఆనుకుని పెరగగలిగాయంటే కారణం అదే.

మార్చి నుంచి మే దాకా సంగతి వేరు. ఇవి అత్యంత అస్థిరమైన నెలలు. ఉత్తర ఆఫ్రికా తీరం వెంట మధ్యధరా అల్పపీడనాలు తూర్పుకు కదులుతాయి. వాటి ముందు భాగంలో సహారా లోపలి నుంచి దక్షిణపు గాలి ఎగదన్నుకు వస్తుంది. దీన్నే ఖమ్సీన్ అంటారు. అప్పుడు ఉత్తరపు గాలి ఒకటి రెండు రోజులు ఓడిపోతుంది. ఆకాశం పసుపు రంగుకు తిరుగుతుంది, దుమ్ము పళ్ల సందుల్లోకి చేరుతుంది, తేమ పది శాతానికి పడిపోతుంది, ఏప్రిల్‌లోనే వేడి 40 డిగ్రీలు దాటవచ్చు. ఆ అల్పపీడనం దాటిపోగానే మళ్లీ ఉత్తరపు గాలి విరుచుకుపడి కొన్ని గంటల్లోనే పది పదిహేను డిగ్రీలు దించేస్తుంది. ఏప్రిల్ సగటు పగటి వేడి 27 అని పట్టిక చెబుతుంది. ఈ ఊగిసలాటను ఆ సగటు పూర్తిగా మింగేస్తుంది.

వేసవి గురించి చెప్పడానికి అంతగా లేదు. జూన్, జులై, ఆగస్టు ఒకే మూసలో నడుస్తాయి: మేఘం లేని ఆకాశం, 34 నుంచి 36 డిగ్రీల పగళ్లు, ఆగని గాలి. ఆగస్టులో సముద్రం 28, 29కి చేరుతుంది. అప్పుడు రాత్రులు కూడా 27కు దిగడం కష్టం. ఎప్పుడైనా గాలి పడిపోయినా, దిశ మారి సముద్రపు తేమ ఊరి మీద నిలిచినా, ఆ ఒకటి రెండు రోజులు కోస్తా ఉక్కపోత ఎలా ఉంటుందో హుర్ఘాదాకు తెలిసివస్తుంది.

అక్టోబరు రెండో సగం, నవంబరు మొదటి సగం ఈ తీరానికి అన్నింటికన్నా మంచి కాలం. పగలు 27 నుంచి 30 డిగ్రీలు, సముద్రం ఇంకా 26, 27 దగ్గర వేసవి వేడిని దాచుకుని ఉంటుంది, గాలి జోరు తగ్గుతుంది. వసంతంలో ఇదే పగటి వేడి ఉన్నా నీళ్లు నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటాయి. ఆ లెక్కన ఏప్రిల్ కన్నా నవంబరే మేలు. అయితే ఊరు అత్యంత ప్రమాదంలో ఉండేది కూడా సరిగ్గా ఈ వారాల్లోనే.

5 మిల్లీమీటర్ల వెనక దాగిన వరద

ఏటా 5 మిల్లీమీటర్ల వాన అన్న మాటకు, ప్రతి ఏడాదీ ఐదేసి మిల్లీమీటర్లు పడుతుందని అర్థం కాదు. చాలా ఏళ్లు దాదాపు ఏమీ పడదు. ఎప్పుడో ఒక రోజు, కొన్ని గంటల్లో, కొన్నేళ్ల వాన ఒక్కసారిగా దిగుతుంది. అలాంటి రోజు ఎలా వస్తుందో వాతావరణ శాస్త్రం స్పష్టంగానే చెప్పగలదు.

శరదృతువులో సూడాన్ వైపు నుంచి ఒక అల్పపీడన ద్రోణి ఎర్రసముద్రం వెంట ఉత్తరానికి చాచుకుంటుంది. మామూలుగా అది పొడి ద్రోణే. వేడి గాలి తప్ప ఏమీ తేదు. కానీ అదే సమయంలో మధ్యధరా మీదుగా పైవాతావరణంలో చల్లటి గాలి ద్రోణి దక్షిణానికి దిగితే కథ మారిపోతుంది. కింద దక్షిణం నుంచి తేమ, పైన చల్లదనం. అంతవరకు నొక్కిపెట్టి ఉంచిన మూత తెరుచుకుంటుంది. వేసవి వేడిని ఇంకా వదలని సముద్రం దానికి ఆవిరి అందిస్తుంది. ఉరుములతో కుంభవృష్టి కురుస్తుంది.

వాన ఊరి మీద పడకపోయినా సరే, కొండల మీద పడితే చాలు. ఆ కొండలు నగ్నమైన గ్రానైట్. నీటిని పీల్చుకునే మట్టి లేదు, ఆపే చెట్టు లేదు. నిటారు వాలుల మీద నుంచి జారిన నీరు వాదీలనే ఎండిన వాగుల్లోకి చేరి, కొద్ది పదుల కిలోమీటర్లు పరుగెత్తి సముద్రాన్ని వెతుక్కుంటుంది. ఊళ్లు, రోడ్లు, రిసార్టులు కట్టుకున్న చదును నేలలు చాలావరకు పాత వరదలు తెచ్చి పరచినవే. ఏళ్ల తరబడి తడి చూడని వాదీని జనం నేల అనుకుంటారు, నీరు దారి అనుకుంటుంది.

1994 నవంబరులో ఇలాంటి తుపాను కొండలకు అవతల నైలు లోయ మీద విరుచుకుపడింది. అసియూత్ దగ్గర దురుంకా అనే ఊళ్లో వరద ఇంధన నిల్వల మీదుగా పారి, మండుతున్న నూనెతో వీధుల్లోకి వచ్చింది. నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. 2016 అక్టోబరు చివరి రోజుల్లో హుర్ఘాదాకు ఉత్తరాన ఇదే తీరం మీద ఉన్న చమురు పట్టణం రాస్ ఘారిబ్ వరదలో మునిగింది. ఆ వానలకు ఈజిప్టులో 20 మందికి పైగా బలయ్యారు, తీరపు రహదారి తెగిపోయింది. 2020 మార్చిలో మధ్యధరా తుపాను ఒకటి దేశమంతటినీ ముంచెత్తి మళ్లీ ప్రాణాలు తీసింది. ఇవి అనూహ్యమైన సంఘటనలు కావు. ఏ ఏడాది వస్తుందో చెప్పలేకపోవచ్చు. వస్తుందని మాత్రం చెప్పవచ్చు.

వాన రాని ఊరు వానకు సిద్ధపడదు. కప్పులకు వాలు ఉండదు, రోడ్ల పక్కన వాననీటి కాల్వలు ఉండవు, విద్యుత్ తీగలకు తడి నుంచి రక్షణ ఉండదు. మన తీరంలో పది మిల్లీమీటర్ల వానను ఎవరూ లెక్కచేయరు. హుర్ఘాదాలో అంతే పడితే బడులు మూసేస్తారు. రాస్ ఘారిబ్ తరువాత ప్రభుత్వం వాదీలకు అడ్డంగా ఆనకట్టలు, వరద నీరు నిలిచే కృత్రిమ సరస్సులు కట్టించింది. ఉపగ్రహ చిత్రాలతో, వాతావరణ నమూనాలతో ఇప్పుడు అలాంటి ద్రోణిని కొన్ని రోజుల ముందే పసిగట్టగలుగుతున్నారు. ఇది మెచ్చుకోదగ్గ పనే. కానీ వాదీ ముఖద్వారం మీద ఇప్పటికే లేచిన భవనాల సంగతి ఆనకట్టలు పూర్తిగా తీర్చలేవు. హోటల్ స్థలాన్ని ఎంచేటప్పుడు సముద్రం ఎంత దగ్గరో చూసినంత శ్రద్ధగా వాదీ ఎంత దగ్గరో చూడకపోవడం ఈ తీరమంతటా కనిపించే పెద్ద లోపం.

వరద నీళ్లు సముద్రంలో కలిశాక కూడా పని ఆగదు. బురద, మంచినీరు పగడాల మీద పడి వాటిని చంపుతాయి. తీరం వెంట అవిచ్ఛిన్నంగా సాగే పగడపు అంచు వాదీలు సముద్రంలో కలిసే చోట తెగి, అక్కడ చిన్న చిన్న అఖాతాలు ఏర్పడ్డాయి. పూర్వపు పడవలకు ఆశ్రయమిచ్చిన రేవులు చాలావరకు అవే.

వేడెక్కుతున్న సముద్రం, గాలి మీద ఆశ

ఉత్తర ఎర్రసముద్రపు పగడాలకు ఒక అరుదైన గుణం ఉంది. ప్రపంచంలో చాలాచోట్ల వేసవి గరిష్ఠం కన్నా ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు నిలిస్తే పగడాలు తమకు ఆహారమిచ్చే నాచును కోల్పోయి తెల్లబారిపోతాయి. ఇక్కడి జాతులు కొన్ని అంతకన్నా బాగా ఎక్కువ వేడిని తట్టుకున్నాయని ప్రయోగాల్లో తేలింది. దీనికి శాస్త్రవేత్తలు చెప్పే వివరణ గత మంచుయుగానికి తీసుకెళ్తుంది. అప్పట్లో సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా తక్కువ. బాబ్ అల్ మందెబ్ ఇరుకైపోయి ఎర్రసముద్రం విపరీతమైన ఉప్పుగా మారింది, జీవజాలంలో చాలా భాగం నశించింది. మంచు కరిగాక హిందూ మహాసముద్రం నుంచి మళ్లీ వచ్చిన పగడాలు ముందుగా దక్షిణ ఎర్రసముద్రపు 32 డిగ్రీల నీళ్లను దాటవలసి వచ్చింది. ఆ వేడికి నిలిచినవే ఉత్తరానికి చేరాయి. చల్లటి ఉత్తరంలో బతుకుతున్నా వాటి ఓర్పు దక్షిణపు వేడికి తగినది.

2022 నవంబరులో, సూయజ్ సింధుశాఖ ముఖద్వారానికి అవతలి ఒడ్డున ఉన్న షర్మ్ అల్ షేక్‌లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు జరిగినప్పుడు ఈ పగడాలు ప్రపంచానికి ఆఖరి ఆశ్రయమన్న మాట పదే పదే వినిపించింది. ఆ మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. ఎర్రసముద్రం ప్రపంచ సముద్రాల సగటు కన్నా వేగంగా వేడెక్కుతోంది. 2023 వేసవి చివర ఈజిప్టు ఎర్రసముద్ర తీరంలో కూడా పగడాలు తెల్లబారాయి. ఓర్పు ఎక్కువ ఉండటం వేరు, హద్దు లేకపోవడం వేరు. పైగా లంగర్లు, పడవల తాకిడి, మురుగు, తీరాన్ని పూడ్చి కట్టిన కట్టడాలు ఇప్పటికే దెబ్బతీసిన దిబ్బలకు వేడిని తట్టుకునే సత్తువ తగ్గుతుంది; ఆ నష్టాన్ని ఆపడం మాత్రం పూర్తిగా ఊరి చేతుల్లోనే ఉంది.

ఇక్కడ మళ్లీ గాలి దగ్గరికే రావాలి. ఆగస్టు ఎండకు సముద్రం మరీ వేడెక్కకుండా కాపాడుతున్నది ఉత్తరపు గాలే. అది నీటిని ఆవిరి చేసి వేడిని లాగేస్తుంది, పైపొరను కలియబెట్టి వేడిని లోతుకు పంచుతుంది. వేసవి చివర గాలి కొన్ని వారాలు బలహీనపడితే, అంతే ఎండలో నీటి పైపొర వేగంగా వేడెక్కుతుంది. అందుకే రాబోయే దశాబ్దాల్లో హుర్ఘాదా పగడాల గురించి అంచనా వేయాలనుకునేవారు భూగోళపు సగటు ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందన్న ఒక్క ప్రశ్నతో ఆగలేరు. మధ్యధరా మీది అధిక పీడనం, మన రుతుపవన అల్పపీడనం, ఈ రెండింటి మధ్య ఒత్తిడి తేడా ఎటు మారుతుందో, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ గాలి ఎన్ని రోజులు ఆగుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.